రెండు కళ్ళూ ఒప్పుకోవాలి

మా అత్తతో సినిమాకి వెళ్ళడమంత తలనొప్పి ఇంకోటి లేదు. పక్కన కూర్చున్నవాళ్ళు తెర చూడాలో ఆవిణ్ణి చూడాలో తేల్చుకోలేక చస్తారు. అందులోనూ నేను తీసుకెళ్ళింది భయపెట్టే సినిమాకి. జుట్టు విరబోసుకుని మీదికొచ్చే దెయ్యాలుండే రకం కాదు. మనిషి తన కళ్ళను తానే నమ్మకుండా చేసే రకం. నాతో రావలసిన స్నేహితురాలు తీరా బయల్దేరే ముందు కడుపునొప్పి అంది. కడుపునొప్పీ లేదు, పాడూ లేదు, భయం. ఒక్కదాన్నే వెళ్ళాలంటే నాకూ భయమే, కాబట్టి మేడమీద గదిలో పట్టపగలు ముసుగు తన్ని పడుకున్న అత్తను లేపాను.

పట్టపగలు ముసుగు తన్ని పడుకోవడం మా అత్త జాతకంలోనే లేదు. అలా ఎందుకు పడుకుందో ముందు చెప్పాలి. అది చెప్పకపోతే సినిమా సంగతి చెప్పీ దండగ.

మా అత్త అంటే మా నాన్నకి అక్క. దర్జీలకి కావలసిన సామాన్లు అమ్మే కొట్లో దారాల దగ్గర పనిచేస్తుంది. వీధి వీధంతా ఆవిణ్ణి దారాలత్త అంటుంది. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళది కూడా అదే పిలుపు. అలాంటివాళ్ళను మాత్రం ఊరుకోదు. ‘నేను నీకు అత్తనైతే నా కూతుర్నెక్కడ దాచావు’ అని దబాయిస్తుంది. ఆవిడకి కూతురూ లేదు, కొడుకూ లేడు. మామయ్య చనిపోయిన ఏడాదే ఆ కొట్లో చేరింది. అప్పట్నించీ మా మేడమీద గదిలో ఉంటూ, పొద్దున్నే మా అందరికీ తలా ఒక చీవాటు పెట్టి పనికి వెళ్తుంది.

ఆ కొట్టు రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. లోపల ఎప్పుడూ ట్యూబులైట్లే. గోడ పొడుగునా కిందనించి పైదాకా సొరుగులు, సొరుగుల నిండా దారపు ఉండలు. వెనక కిటికీ లేని గదిలో బొత్తాలు, జిప్పులు. ముందు గుమ్మం పక్కన ఒక స్టూలు. ఆ స్టూలు మా అత్తది. ఎవరైనా గుడ్డముక్క తెచ్చి దీనికి దారం కావాలంటే, అత్త ఉండను గుడ్డమీద పెట్టి చూడదు. ఉండలో రంగు ముదురుగా ఉంటుంది, విప్పితే పోగు లేతగా ఉంటుంది. అందుకని జానెడు దారం లాగి, ఒక్క పోగును గుడ్డమీద అడ్డంగా పరిచి, గుమ్మం దాటి వెలుగులో చూస్తుంది. ‘ట్యూబులైటు అమ్మేవాడి పక్షం, పగటి వెలుగు కొనేవాడి పక్షం’ అని ఆ కొట్టు పెద్దాయన ఆవిడకి మొదటిరోజే చెప్పాడట. గుమ్మంలో చూడకుండా ఏ దారమూ పొట్లం కట్టకూడదన్నది ఆ కొట్లో కట్టుబాటు. పెద్దాయన పోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. అతన్ని చిన్నాయన అంటారు.

ఆ స్టూలుమీద కూర్చుంటే మా అత్త మహారాణి. వీధిలో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, ఎవరింటి పరదాలు మారబోతున్నాయో అన్నీ అక్కణ్ణించే తెలుస్తాయి. ‘ఇంట్లో నాకున్నది మంచం, నా చోటు మాత్రం అదీ’ అనేది. ఈ మాట మా నాన్నకి గుచ్చుకునేది కానీ, నిజం నిజమే.

ఇలా ఉండగా ఆవిడ రెండు కళ్ళకీ పొర వచ్చింది. డాక్టరు ముందు కుడికంటికి ఆపరేషను చేసి, ఎడమది కొన్నాళ్ళాగి చేద్దామన్నారు. కట్టు విప్పిన రోజు మా నాన్న తెల్లచొక్కా చూసి అత్త పడీపడీ నవ్వింది. కుడికంటితో చూస్తే నీలిమందు వేసి ఉతికినట్టుందట, ఎడమకంటితో చూస్తే టీ ఒలికినట్టుందట. ‘మా తమ్ముడు ఒకేసారి రెండు చొక్కాలు తొడుక్కున్నాడు’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. లోపలి పాత కటకం పసుపెక్కిపోయి ఉంటుందనీ, కొత్తది తేటగా ఉంటుందనీ, రెండోది కూడా అయ్యాక సర్దుకుంటుందనీ డాక్టరు చెప్పారు. మేమూ నవ్వుకుని మర్చిపోయాం.

అక్కడే వచ్చింది తంటా. కోట్ల దర్జీ అని ఒకాయన ఉన్నాడు. పాటల బృందానికి ఒకే రకం కోట్లు కుట్టే పని ఒప్పుకుని, లేత ఊదా గుడ్డముక్క తెచ్చాడు. అత్త మామూలుగానే పోగు లాగి, గుమ్మంలో చూసి ఇచ్చింది. ఆయన సాయంత్రమంతా లైటు కింద కూర్చుని కుట్టాడు. తెల్లారి వాకిట్లో తగిలించి చూస్తే ఏముంది, ఊదా కోట్లమీద బూడిదరంగు కుట్లు, పెన్సిలుతో గీతలు కొట్టినట్టు. ఆయన ఆ కోట్లన్నీ మోసుకొచ్చి బల్లమీద పడేసి నానా యాగీ చేశాడు. అత్త ఒక కోటు గుమ్మంలోకి తీసుకెళ్ళి చూసింది. కుడికంటికి తేడా కొట్టొచ్చినట్టు కనబడింది. ఎడమకంటికి ఏ తేడా లేదు. దారం ఇచ్చిన రోజు ఏ కంటి మాట విందో ఆవిడకే తెలియలేదు. తప్పు నాదే అంది. అంతవరకూ బాగానే ఉంది.

చిన్నాయన అక్కడితో ఊరుకోలేదు. పదిమందీ చూస్తుండగా, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందట అని మొదలుపెట్టాడు. మీ కళ్ళు పోయాయి పెద్దమ్మా, ఒప్పుకోండి, వెనకగదిలో బొత్తాలు ఏరుకుంటూ కూర్చోండి, నీడపట్టున ఉండే పని అన్నాడు. కరెంటు బిల్లువాడి దగ్గర్నించి ఇంటి యజమాని దాకా ఎవర్నీ వదలకుండా దులిపేసే మా అత్త, నోట్లో నాలుక లేనిదానిలా నిలబడి, “అవును బాబూ, నా కళ్ళు పోయాయి” అని వెనకగదిలోకి వెళ్ళిపోయింది. చిన్నాయన స్టూలుమీద ఖాళీ సంచులు పడేశాడు.

ఇంట్లో మా నాన్న కూడా అదే పాట. వయసు ఎవరికైనా వస్తుందక్కా, ఒప్పుకుంటే మనశ్శాంతి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వయసు వస్తే రానీ, దాన్ని పిలిచి పీట వేయాలా?

ఆ తర్వాత జరిగింది చూస్తే నాకు ఏ సినిమా చూసినా వేయనంత భయం వేసింది. ఆవిడ అన్నిటికీ అడగడం మొదలుపెట్టింది. ఇది ఉప్పా పంచదారా అని నాలుకమీద వేసుకోకుండానే నన్నడిగేది. తన తువ్వాలే తనకి చూపించి ఇది ఎవరిదే అనేది. మెట్లమీద ఆగిపోయి, ఇక్కడ మెట్టుందా అనేది. రంగులు తేడాగా కనబడుతున్నాయంటే మెట్టెలా మాయమవుతుంది చెప్పండి? ఎవరో కళ్ళు పోయాయన్నారు, ఈవిడ ఔనంది, ఆ ఔను పట్టుకుని కళ్ళు నిజంగానే పోవడం మొదలెట్టాయి. ఇక ఆదివారం వస్తే చాలు, ముసుగు. అదీ సంగతి. ఆ ముసుగు లాగేసి, లే అత్తా సినిమాకి పోదాం అన్నాను.

మధ్యాహ్నం ఆట. హాలు సగం ఖాళీ. కథ చెప్తాను. ఒకమ్మాయి మొగుడితో కొత్త ఇంట్లో దిగుతుంది. ఒకరోజు నిద్రలేచేసరికి పడకగది గోడరంగు మారిందేమో అనిపిస్తుంది. మొగుణ్ణి అడిగితే, లేదే, ఎప్పుడూ ఇదే రంగు అంటాడు. వాడు అరవడు, కొట్టడు, ఎంతో ప్రేమగా చెప్తాడు. తర్వాత కప్పుకి చెవి ఇటుండాల్సింది అటుంటుంది. తలుపు లోపలికి తెరుచుకునేది బయటికి తెరుచుకుంటుంది. అడిగిన ప్రతిసారీ వాడు నవ్వి, తల నిమిరి, ఎప్పుడూ ఇంతే అంటాడు. చూస్తున్న మనకీ అనుమానం వస్తుంది, నిజంగా మారిందా, మనం సరిగ్గా చూళ్ళేదా అని. సినిమా తీసినవాడు మహా గడుసువాడు. తిమ్మిని బమ్మి చేస్తూ మన కళ్ళెదుటే చేశాడు.

కొంతసేపటికి అత్త అరచేత్తో ఒక కన్ను మూసుకుంది. కాసేపాగి చెయ్యి మార్చి రెండోది మూసుకుంది. మళ్ళీ మార్చింది. భయమైతే రెండూ మూసుకో, ఈ వాయిదాల పద్ధతేమిటి అన్నాను. తొడమీద గిల్లింది. నా చెవిలో, గోడ చూడవే, ఇందాక ఆకుపచ్చ, ఇప్పుడు నీలం అంది. నేను విసుక్కున్నాను.

“అబ్బా, అది ఎప్పుడూ నీలమే అత్తా.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చీ రాకముందే తెరమీద మొగుడు సరిగ్గా అదే మాటన్నాడు. నేను తెర వదిలి అత్తవైపు తిరిగాను. అత్త మాత్రం నావైపు చూడలేదు. ఒక కన్నూ, ఇంకో కన్నూ మార్చి మార్చి గోడనే చూస్తోంది.

విశ్రాంతిలో లైట్లు వెలిగాక చెప్పింది. మొదట ఇది తన కంటి రోగమే అనుకుందట. అందుకని ఒక్కో కంటినీ విడివిడిగా అడిగిందట, అదే మాట వాడింది, అడిగిందట. ఆపరేషనయ్యాక ఈ రెండూ ఏ ఒక్క విషయంలోనూ ఏకాభిప్రాయానికి రాలేదు, మా నాన్న చొక్కా దగ్గర్నించి. ఎడమది అన్నిటికీ పసుపు పూస్తుంది, కుడిది నీలం పూస్తుంది. అలాంటిది, గోడ మారిందని మాత్రం రెండూ చెబుతున్నాయి.

“పొద్దస్తమానం దెబ్బలాడుకునే కళ్ళే ఇవి. ఇవి రెండూ ఒకే మాటంటే అది అబద్ధం కాదు” అంది.

నేను నమ్మలేదు. ఆవిడ సంతోషంగా ఉంది కదా అని తలూపాను.

సినిమా ఆఖర్లో మొదటిరోజు దృశ్యాన్ని మళ్ళీ చూపించారు. వాళ్ళు సామాన్లు దింపుకుంటున్నారు, వెనక ఆ పడకగది గోడ ఉంది. ఆకుపచ్చ గోడ. పచ్చి ఆకుపచ్చ. హాలంతా ఒక్కసారి ‘అరే’ అంది. కొద్దికొద్దిగా, ఎవరికీ తెలియకుండా రంగు మార్చుకుంటూ వచ్చారన్నమాట. అంటే ఆ పిల్ల చూసింది మొదట్నించీ నిజమే. మళ్ళీ ఇప్పటి గది. మొగుడు మంచంమీద కూర్చుని, ఈ గోడ ఏ రంగో చెప్పు అని ముద్దుగా అడుగుతాడు. ఆ అమ్మాయి గోడవైపు చాలాసేపు చూస్తుంది. తర్వాత నవ్వుతుంది. నీలం, ఎప్పుడూ నీలమే అంటుంది. వాడు తల నిమురుతాడు. అంతే, అయిపోయింది.

జనం లేచి వెళ్ళిపోతున్నారు. అత్త లేవలేదు. ఎందుకు ఒప్పుకుందే అది అంది. సినిమా అత్తా, అలా తీశారు అన్నాను. ఆవిడ వినలేదు. దానికి కనిపించింది, నాకు కనిపించింది, చివరికి ఈ హాల్లో అందరికీ కనిపించింది, మరి ఎందుకు ఒప్పుకుంది అని మళ్ళీ అడిగింది. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చేశారు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, చాలా చిన్నగా అంది.

“నేనూ ఒప్పుకున్నా కదే.”

ఇక ఏడుస్తుందేమో అనుకున్నాను. అయితే ఆవిడ ఏడ్చే మనిషి కాదు. హాలు మెట్లు దిగేసరికి కోపం మొదలైంది, ఇంటికొచ్చేదాకా ఆగలేదు. ఆ కథానాయిక అన్నం తింటోందా గడ్డి తింటోందా అంది. గోడకి గోరుతో ఒక గీత గీసి చూసినా కింద పాతరంగు బయటపడేది కదా అంది. నోరుండి కూడా ఔనన్నదానికన్నా నోరులేని గోడే నయం, అదైనా తన రంగు తను చూపించింది అంది. దారిన పోయేవాళ్ళు మేమేదో ఇంటి తగాదా పడుతున్నామనుకున్నారు. మెట్టు ఎక్కడుందని మాత్రం ఒక్కచోట కూడా అడగలేదు.

గుమ్మంలోనే మా నాన్నని పట్టుకుంది. మొన్న కొట్లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా తమ్ముడూ, రేపు నా స్టూలుమీద నేను కూర్చుంటున్నా అని ప్రకటించింది. మా నాన్న తలపట్టుకుని, ఈవిడ పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు అన్నాడు. నేను పట్టినప్పుడు నాలుగూ ఉన్నాయి, ఒకటి విరిచింది మీరు అని అత్త మేడెక్కింది.

మర్నాడు నేనూ కూడా వెళ్ళాను. మా ఆఫీసు తీసేది కాస్త ఆలస్యంగానే. అదీగాక ఆ తమాషా చూడకుండా నేను ఆఫీసులో కూర్చోగలనా? చిన్నాయన అప్పుడే తలుపులు తీస్తున్నాడు. అత్త స్టూలుమీది సంచులు తీసి లోపల పెట్టింది, కొంగుతో దుమ్ము దులిపింది, కూర్చుంది. మీ పని లోపల కదా పెద్దమ్మా అన్నాడతను. ఈవిడ కదల్లేదు. మీ నోటితో మీరే ఒప్పుకున్నారు కదా అన్నాడు.

“ఒప్పుకున్నాను బాబూ. దారం తప్పిచ్చానన్నాను, అది నిజం. కళ్ళు పోయాయన్నాను, అది అబద్ధం. మొదటిది మీ దగ్గరే ఉంచుకోండి. రెండోది నాకిచ్చేయండి.”

చిన్నాయన చెడ్డవాడేం కాదు, అది కూడా చెప్పాలి. దర్జీలు చేజారిపోతారన్న భయం అతనిది. మళ్ళీ తప్పు జరిగితే అని అడిగాడు. జరిగితే తప్పంటాను, కళ్ళు పోయాయని మాత్రం అనను అంది అత్త. సరే, ఇవాళ వచ్చే మొదటి బేరం మీరే చూడండి, అది చెడితే మాత్రం ఇక మారుమాట్లాడకుండా బొత్తాల గదికి వెళ్ళాలి అన్నాడు. అత్త తలూపింది.

మొదటి బేరం ఎవరనుకున్నారు? కోట్ల దర్జీయే. పావురం రంగు గుడ్డముక్క పట్టుకుని మెట్టెక్కాడు. స్టూలుమీద అత్తను చూసి మొహం చిట్లించాడు, వెనక్కి వెళ్ళబోయి, ఏమనుకున్నాడో ఆగాడు. ఆవిడ ఆ ముక్క అందుకుని, సొరుగులు లాగి, దగ్గర దగ్గర రంగులు కొన్ని ఏరింది. ఒక్కో ఉండా విప్పి, పోగు పరిచి, గుమ్మం దాటి వెలుగులో నిలబడింది. ఎడమకన్ను మూసి చూసింది. కుడికన్ను మూసి చూసింది. దర్జీ కాస్త కంగారుపడ్డాడు. ఏమిటమ్మా, నాకు కన్ను కొడుతున్నావు అన్నాడు. నీకు కొట్టేంత తీరిక లేదు గానీ, వెలుగుకి అడ్డం తప్పుకో అంది అత్త.

మొదటి పోగుకి కుడికన్ను సరే అంది, ఎడమకన్ను వద్దంది. పక్కన పెట్టింది. రెండోదానికి ఎడమది సరేనంది, కుడిది మొండికేసింది. మూడోది, నాలుగోది కూడా అంతే. చిన్నాయనకి ఓపిక పోయింది. రెండో ఉండ తీసుకుని ట్యూబులైటు కింద గుడ్డమీద పెట్టాడు. అతికినట్టు సరిపోయింది. దర్జీ కూడా వంగి చూసి, బాగానే ఉంది, ఇది చాలు, నాకు పనుంది అన్నాడు. చిన్నాయన దాన్ని పొట్లం కట్టబోయాడు. అత్త వచ్చి ఉండమీద చెయ్యి పెట్టింది.

“ఇది ఆ రంగు కాదు.”

రెండూ ఒకటే పెద్దమ్మా అన్నాడు చిన్నాయన. ఒకటే కదా అన్నాడు దర్జీ. అత్త నన్ను గుమ్మంలోకి లాక్కెళ్ళి పోగూ గుడ్డా నా మొహం ముందు పెట్టింది. నీకేం కనిపిస్తోందే అంది. నేను ఒక కన్ను మూసి చూశాను, రెండోది మూసి చూశాను, రెండూ తెరిచి చూశాను. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది. స్టూలు పోతుంది మరి. ముందురోజు హాల్లో నీలమే అని విసుక్కున్నది కూడా నేనే. కానీ ఆవిడ అడిగింది నాకేం కనిపిస్తోందని.

“నాకు రెండూ ఒకటేలా ఉన్నాయి అత్తా.”

చిన్నాయన చూశారా అన్నట్టు చేతులు చాపాడు. అత్త మొహంలో కోపం లేదు. నా భుజంమీద తట్టింది.

“సరే. నీకలా కనబడింది, నువ్వలా చెప్పావు. నాకిలా కనబడుతోంది. నీకోసం నేనెందుకు మార్చుకోవాలి?”

ఆ ఉండను తీసుకెళ్ళి దాని సొరుగులో పెట్టి మూసేసింది. మిగతావీ ఒక్కొక్కటే వాటి చోట్లలో పెట్టింది. గుడ్డముక్క మడతపెట్టి దర్జీకి ఇచ్చేసింది. “మన దగ్గర ఈ రంగు లేదు” అంది. వచ్చిన బేరాన్ని, తన స్టూలు దేనిమీద ఆధారపడి ఉందో ఆ బేరాన్ని, తన చేత్తోనే వెనక్కి పంపేసింది. తర్వాత వెళ్ళి స్టూలుమీద కూర్చుంది. లేవమంటే లేవాలి కదా, లేపేవాళ్ళెవరో రండి అన్నట్టు కూర్చుంది.

దర్జీ గుడ్డముక్క పట్టుకుని మెట్టుమీద నిలబడ్డాడు. దాన్ని వెలుగులో ఇటూ అటూ తిప్పాడు. ఎవరూ చూడటం లేదనుకుని ఒక కన్ను మూశాడు, నేను చూశాను. ఆయనకి ఏం కనబడిందో ఆయనకే తెలియాలి. తిరిగొచ్చి చిన్నాయనతో కాదు, అత్తతో అన్నాడు.

“ఆ రోజు కూడా లేదని చెప్పి ఉంటే నాకు ఆ కుట్లు విప్పే ఖర్మ పట్టేది కాదు. తెప్పించి ఉంచు. సాయంత్రం వస్తాను.”

“రెండు కళ్ళూ ఒప్పుకుంటేనే ఇస్తాను” అంది అత్త.

సరే తల్లీ అని దిగి వెళ్ళిపోయాడు. చిన్నాయన కాసేపు సొరుగులవైపు చూశాడు, అత్తవైపు చూశాడు. తర్వాత సరుకు పంపేవాళ్ళకి ఫోను చేసి పావురం రంగులో ఏమేం ఉన్నాయో అన్నీ పంపమన్నాడు. ఫోను పెట్టేసి వెనకగదిలోకి వెళ్ళాడు. కొంతసేపటికి లోపల్నించి బొత్తాలు పళ్ళెంలో పోస్తున్న చప్పుడు వినబడింది. లేవమని మాత్రం అనలేదు.

నేను ఏదో అనబోయాను. బాగా బుద్ధి చెప్పావు అత్తా అనో, ఇంకోటో. ఈలోపు ఎవరో ఒకావిడ గుడ్డసంచి పట్టుకుని మెట్టెక్కుతోంది. అత్త అప్పటికే ఒక కన్ను మూసి ఆవిడ చేతిలోని ముక్కని దూరంనించే చూస్తోంది.

“ఆఫీసుకి పోవే” అంది నాతో. “వెలుగుకి అడ్డం.”